ఎక్కగానే నిద్రపట్టే బండి

పడుకున్న బిడ్డ మళ్ళీ లేవదేమో అన్నదే ఆ కోడలికున్న భయాలన్నిటిలోకీ పెద్ద భయం. కుక్క కరుస్తుందేమో, మెట్ల మీంచి జారుతుందేమో, గొంతుకు గింజ అడ్డం పడుతుందేమో అన్నవన్నీ దాని ముందు చిల్లర భయాలు. చంటిది నిద్రపోతే చాలు, ఆమె ఎంత పనిలో ఉన్నా లేచొచ్చి దాని ముక్కు కింద వేలు పెట్టి చూసి వెళ్తుంది. వేలికి వెచ్చగా తగిలితే పోయిన ప్రాణం తిరిగొస్తుంది. కాసేపటికి మళ్ళీ పోతుంది. మళ్ళీ వచ్చి చూస్తుంది.

అందుకే మావగారు ఆమెకు బెంగమ్మ అని పేరు పెట్టాడు. పెట్టిందెవరో మరిచిపోయేంతగా ఆ పేరు అందరి నోళ్ళలోనూ నలిగిపోయింది.

మావగారిది బండ్లకు బాడీలు కట్టే షెడ్డు. అందరూ మేస్త్రి అంటారు. రేకు కోసి వంచేది ఆయన, వెల్డింగు ఆయన కొడుకు, సీట్లు కుట్టేది కోడలు. షెడ్డుకు ఆనుకునే ఇల్లు. వసారాలో కుట్టుమిషను, మిషను పక్కనే చంటిదాని ఉయ్యాల. కాలు తొక్కుతూనే చేత్తో ఉయ్యాల తాడు లాగడం ఆమెకు ఎవరూ నేర్పని పని.

ఆ వారం షెడ్డులో ఉన్నది బయటివాళ్ళ బండి కాదు, సొంతదే. రేకులూ ఇనప గొట్టాలూ మోసి మోసి నడుం వంగిపోయిన పాత పికప్పు. ముందు ఇద్దరు కూర్చునే క్యాబిను, వెనక పైకప్పు లేని తొట్టి. ఇంట్లోవాళ్ళు ఎక్కడికి వెళ్ళినా మగవాళ్ళిద్దరూ క్యాబిన్లో, అత్తాకోడళ్ళు తొట్టిలో గోనెపట్టా మీద. ఎండొస్తే చీరకొంగు, వానొస్తే టార్పాలిను.

"ఇంక ఆ ఖర్మ లేదు మీకు," అన్నాడు మేస్త్రి, తొట్టి అంచు మీద సుద్దముక్కతో గీతలు గీస్తూ. "చుట్టూ గోడలు లేపుతా. పైన కప్పు వేస్తా. అద్దాలు బిగిస్తా. ఆదివారం పొద్దున్నే మా అమ్మాయి ఇంటి ముందు ఆగితే, ఎవరో దొరలు వచ్చారనుకుని అది లోపలికెళ్ళి చీర మార్చుకుని రావాలి."

కూతురు ఉండేది కొండలకు అవతల. తెల్లారి బయల్దేరితే చీకటిపడే వేళకు చేరే దారి.

రంగులు కలుపుతున్న పెయింటరు నవ్వాడు. అతనిది ఆ షెడ్డుతో పాటు ముసలైన నోరు. "తాతకు జుట్టుకు రంగేస్తే మనవడైపోతాడా మేస్త్రీ?"

"నీ రంగు సంగతి కాదురా. నా రేకు చూసి మాట్లాడు. గుడ్లాయన ఆకుపచ్చ బండి గుర్తులేదూ? అదీ ఇలాంటి డొక్కు పికప్పేగా. దాన్ని కారు చేసిచ్చానా లేదా? వాళ్ళమ్మ వెనక సీట్లో ఎక్కిన కాసేపటికే నిద్రపోయేదట. ఇంట్లో మంచం మీద కూడా పట్టని నిద్ర నీ బండిలో పడుతోంది మేస్త్రీ అని దండం పెట్టి మరీ చెప్పాడు. అదీ పనంటే!"

కోడళ్ళందరూ మావగార్ల గొప్ప ఏదో ఒకటి వంద సార్లు వింటారు. ఈమె విన్నది ఇది. కోడిగుడ్ల వ్యాపారి, ముసలి తల్లి, ఎక్కగానే నిద్ర. కొత్త ఖాతాదారు షెడ్డులో కాలు పెడితే టీ కంటే ముందు వచ్చేది ఈ కథే.

పని జోరుగా సాగింది. నలుపలకల గొట్టాలు నిలబెట్టి కొడుకు వెల్డింగు పెడుతుంటే తండ్రి ఒక కన్ను మూసి వంకర చూసేవాడు. "ఆ స్తంభం తాగొచ్చినట్టు ఊగుతోందిరా, సరిచెయ్." రేకును గొట్టం మీద వాల్చి అరచేత్తో నొక్కుతూ వంచేవాడు. సుత్తి వాడితే రేకు ఏడుస్తుందని ఆయన మాట. వెనక సీటు వేయడానికి తొట్టి పొడవు చాలలేదు. మూరెడు పెంచి, పెంచిన కొసకు పాత తొట్టి తలుపునే మళ్ళీ తగిలించాడు. ఆ తలుపు ఆయన తన చేత్తో చేసుకున్నది, పారేయడానికి మనసొప్పలేదు. దాని పైన సగం అద్దం. క్యాబిను వెనక రేకు అలాగే ఉంచి, కిటికీలన్నిటికీ చుట్టూ రబ్బరు. "నా అతుకులో చీమ దూరితే మీసం తీయించుకుంటా," అన్నాడు. మీసం ఉన్నది పెయింటరుకు, ఆయనకు లేదు.

సీట్లు బిగించేముందు నేల మీద పట్టా వేయాలి. కొలత తీసుకోవడానికి కోడలు తొట్టిలోకి ఎక్కి జేనలతో కొలుస్తుంటే వేళ్ళు చిల్లుల్లోకి దిగాయి. నేల రేకుకు అక్కడక్కడా రూపాయి బిళ్ళంత చిల్లులు. వంగి చూస్తే కింద మట్టి కనపడుతోంది.

"మావయ్యా, ఇవి మూయరా?"

"ఏవి? అవా? అవి నీళ్ళు పోయే దారులమ్మా. తొట్టి కడిగితే నీళ్ళు నిలవకూడదు. నిలిస్తే రేకు కుళ్ళుతుంది. తొట్టికి చిల్లు మూసినవాడు మేస్త్రి కాడని నాకు పని నేర్పినాయన చెప్పిన మొదటి మాట."

"ఇప్పుడిది తొట్టి కాదుగా, గదిలా అయిందిగా. ఏ తేలో జెర్రో దూరితే... చంటిది నేల మీదే పాకుతుంది కదండీ."

షెడ్డంతా గొల్లుమంది. "పరిగెత్తే బండిలోకి తేలు ఎక్కుతుందా బెంగమ్మా? దానికి టికెట్టు కూడా కొడదామా?" అన్నాడు పెయింటరు. వెల్డింగు అద్దం వెనకాల భర్త భుజాలు కూడా కదిలాయి.

"పట్టా వేసి కప్పెయ్," అన్నాడు మేస్త్రి. "చిల్లులూ కనపడవు, నీ బెంగా కనపడదు."

ఆమె కప్పేసింది. పైన ముదురు రంగు పట్టా, అడుగున రేకు వేడి తగలకుండా చంటిదాని పాత దుప్పటి. పాలమీగడ రంగు దుప్పటి అది. పుట్టినప్పుడు దాన్ని చుట్టి ఆమె చేతికిచ్చింది అందులోనే. చివర్లు పీలికలయ్యాయి గానీ నడుమ ఇంకా గట్టిగానే ఉంది. పట్టాకూ దుప్పటికీ కలిపి చుట్టూ గట్టి కుట్టు వేసింది. ఆ కుట్టు వేసేలోపల ఉయ్యాల దగ్గరికి చాలాసార్లే వెళ్ళొచ్చింది.

బండి మొదటిసారి రోడ్డెక్కింది గురువారం మధ్యాహ్నం. కొండ మొదలు దాకా వెళ్ళి రావాలని మేస్త్రి ఉబలాటం. ముందు తండ్రీకొడుకులు. వెనక సీట్లో అత్తగారు, ఆమె ఒళ్ళో చంటిది.

కోడలికి ఇంకా ఒక సీటు కవరు కుట్టడం మిగిలింది. వెళ్ళలేదు. కానీ బండి కదిలేముందు కిటికీ దగ్గరికి వచ్చి నిలబడింది. "లోపలంతా రంగు కంపు, గమ్ము కంపు. కాస్త ఆరనిచ్చి వెళ్ళకూడదా? చంటిదాన్ని నా దగ్గర వదిలెయ్యండత్తయ్యా."

"కొత్త బండి వాసనే అది. డబ్బున్నవాళ్ళు దానికోసం తహతహలాడతారు," అన్నాడు మేస్త్రి. "కొత్త బండిలో చంటిది లేకపోతే నాకు సరదా ఏముంది? తలుపెయ్యరా!"

అత్తగారు సాధారణంగా ఏమీ అనదు. పిల్ల తలను తన భుజానికి ఆనించుకుని, గాజు మీద పొర్లుతున్న ఎండను చూస్తూ కూర్చుంది. ఇన్నేళ్ళలో ఆవిడ కూర్చున్న చోటు మారలేదు. మారిందల్లా చుట్టూ గోడలు లేచాయి, అంతే.

తిరిగొచ్చేసరికి నీడలు సాగాయి. ముందు తలుపులు తెరుచుకుని మగవాళ్ళు నవ్వుకుంటూ దిగారు. మేస్త్రి బానెట్టు మీద చెయ్యి వేసి, పందెం గెలిచిన ఎద్దును నిమిరినట్టు నిమిరాడు. వెనక తలుపు తెరిస్తే అత్తగారు వెంటనే దిగలేదు. రెండు చేతులతో తలుపంచు పట్టుకుని, కాలు కిందపెట్టి, నాలుగడుగులు వేసి గోడ దగ్గర వాంతి చేసుకుంది.

"దీనికి డబ్బా బండి అలవాటు లేదు," అన్నాడు మేస్త్రి. "గాలి కొట్టే తొట్టిలో తిరిగిన మనిషి. సుఖం పడదు."

కోడలు అత్తగారి దగ్గరికి పరిగెత్తాలో చంటిదాని దగ్గరికి పరిగెత్తాలో తెలియక మధ్యలో ఒక్క క్షణం ఆగింది. తర్వాత చంటిదాని దగ్గరికే పరిగెత్తింది. అది సీటు మీద పడి ఉంది. బుగ్గలు ఎర్రగా, నోరు కొద్దిగా తెరిచి. వేలు పెట్టింది. వెచ్చగానే తగిలింది. "బుజ్జీ," అంది. "బుజ్జీ, ఇదిగో అమ్మ." ఎత్తుకుంటే తల ఒకపక్కకు వాలిపోయింది. అరికాళ్ళు గోకింది. మామూలుగా అరికాలు ముట్టుకుంటే తన్నే పిల్ల, తన్నలేదు. కొళాయి దగ్గరికి తీసుకెళ్ళి మొహాన నీళ్ళు చల్లితే అప్పుడు కళ్ళు తెరిచింది. తెరిచి, తల్లిని చూసి కూడా ఎవరో అన్నట్టు చూసి, మెల్లిగా ఏడుపు అందుకుంది. ఆ ఏడుపు విని ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

"నిద్రలో ఉన్న పిల్లను లేపి ఏడిపించావు," అన్నాడు భర్త. మాటలో కోపం లేదు.

"అది నిద్ర కాదండీ. నిద్రపోయే పిల్ల నాకు తెలియదా?"

"గుడ్లాయన వాళ్ళమ్మ కథే మళ్ళీ," అన్నాడు మేస్త్రి మురిసిపోతూ. "ముసలిదానికీ చంటిదానికీ ఒకే మంత్రం. అదే నా బండి!"

ఆ రాత్రి ఆమె అత్తగారి తలకు నూనె రాసింది. "ఎలా ఉందత్తయ్యా?"

"తలలో ఎవరో రేకు కొడుతున్నట్టుంది. పోతుందిలే. మీ మావయ్యతో అనకు. ఈ బండి కోసం పొద్దస్తమానం వంగే ఉన్నాడు మనిషి."

ఆమె అనలేదు. అనడానికి తనకేమైనా తెలిసిందా? తేలు వస్తుందంది, రాలేదు. రంగు వాసన అంది, అది అందరికీ తెలిసిందే. రోజూ నాన్నా పులి అంటే పులి వచ్చిన రోజు ఎవరు లేస్తారు? ఇది తన పాత బెంగేనా, ఇంకేదైనానా అని తనను తనే అడుగుతూ, చీకట్లో వేలు పెట్టి చూస్తూ, అలాగే ఉంది.

మర్నాడు పట్టా ఉతకాల్సి వచ్చింది. దారిలో అత్తగారు చంటిదానికి పట్టిన పాలు ఒలికి, ఎండకు పులిసిపోయి, దగ్గరికి వెళ్తే ముక్కు మూసుకోవాల్సొచ్చింది. కోడలు సీటు కింది చీలలు విప్పి పట్టాను ఈడ్చుకుని కొళాయి దగ్గరికి తెచ్చింది. తిరగేసింది.

దుప్పటి మీద నల్లటి గుండ్రాలు ఉన్నాయి. అక్కడక్కడా. రూపాయి బిళ్ళంత. నడుమ చిక్కగా, అంచుల్లో పలచగా, ఎవరో పొయ్యి మసిలో వేలు ముంచి ఒత్తినట్టు. పాలు ఒలికిన చోట కాదు, ఎక్కడో వేరేచోట. ఆమె కొళాయి కట్టేసింది. తర్వాత పట్టాను మళ్ళీ ఈడ్చుకెళ్ళి తొట్టిలో పరిచి, ఒక మూల పైకెత్తి చూసింది. ప్రతి గుండ్రం కిందా ఒక చిల్లు.

ఉతకలేదు. మడిచి చంకలో పెట్టుకుని భర్త దగ్గరికి వెళ్ళింది. అతను చక్రాల బోల్టులు బిగిస్తున్నాడు.

"ఇది చూడండి. మొన్నే కుట్టాను. ఒక్కసారి తిరిగొచ్చింది బండి. ఇంత మసి ఎక్కడిది?"

అతను చూశాడు. వేలితో రాసి వాసన చూశాడు. మొహం కొద్దిగా మారింది. షెడ్డు అవతల కొస వైపు ఒకసారి చూశాడు. అక్కడ మేస్త్రి వెనక తలుపుకు గడియ బిగిస్తూ ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు.

"పాత ఇంజను కదా. పొగ కాస్త ఎక్కువే. కింద టేపు అంటిస్తాలే."

"టేపా?"

"ఇప్పుడు చెప్తే ఏమవుతుందో తెలుసుగా. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ప్రయాణం ఎల్లుండి. అక్కడ అక్క వంట మొదలుపెట్టేసి ఉంటుంది. వెళ్ళొచ్చాక మెల్లిగా చెప్తా."

"వెళ్ళొచ్చాక అంటే, వెళ్ళేటప్పుడు వెనక కూర్చునేదెవరండీ?"

అతను ఇంకో బోల్టుకు పానా తగిలించాడు. చెడ్డవాడు కాదు. తండ్రి ముందు గొంతు పెగలని మనిషి, అంతే. "అద్దం కొంచెం దించుకోండి," అన్నాడు చివరికి.

వెనక అద్దాలు దిగవు. వాటిని రబ్బరులో బిగించింది అతనే. ఆ సంగతి ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది.

ఆమె అక్కణ్ణించి అత్తగారి దగ్గరికి వెళ్ళింది. అత్తగారు గిన్నెలు తోముతోంది. దుప్పటి పరిచి చూపిస్తే మొదట "నాకు తల తిరగడం మామూలేగా అమ్మాయ్, ఎందుకీ గొడవ?" అంది.

"మీ ఒళ్ళో చంటిది ఉందత్తయ్యా."

అత్తగారు గిన్నె పక్కన పెట్టింది. తడి చెయ్యి తుడుచుకుని ఒక గుండ్రం మీద వేలితో రాసింది. వేలు నల్లబడింది. జీవితమంతా గిన్నెల అడుగు మసి గీకిన చెయ్యి అది. మసి అంటే ఏమిటో దానికి చెప్పక్కర్లేదు. ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, ఆ వేలును కొంగుకు తుడుచుకుని, మళ్ళీ గిన్నె అందుకుంది. కోడలు దుప్పటి మడిచి, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది నా బతుకు అనుకుంటూ వెళ్ళిపోయింది.

శనివారం సాయంత్రానికి బండికి ఆఖరి మెరుపు పెట్టారు. పెయింటరు తను రంగు వేసిన ప్రతి బండికీ వెనక తలుపు కుడి మూల ఒక చిన్న పిచ్చుక బొమ్మ వేస్తాడు. అది తన సంతకం అంటాడు. దీనికీ వేశాడు. పిచ్చుక ముక్కు తడి ఆరకముందే మేస్త్రి తాళాలు ఆడించుకుంటూ వచ్చాడు. "పదండి, ఆయిలు పోయించుకుని, కొండ మొదలు దాకా ఒక చుట్టు తిరిగొద్దాం. రేపటికి తిరుగుండకూడదు."

అప్పుడు అత్తగారు వచ్చింది. తల దువ్వుకుని, చెప్పులు వేసుకుని. తిన్నగా వెళ్ళి ముందు తలుపు తీసి, డ్రైవరు పక్క సీట్లో కూర్చుంది.

"అదేంటే? నువ్వు ఇక్కడ..." అన్నాడు మేస్త్రి.

"ఇన్నేళ్ళూ వెనకే కూర్చున్నా. రోడ్డు నా వైపు రావడం ఎప్పుడూ చూళ్ళేదు. వెళ్ళిపోవడమే చూశా. ఒకసారి చూడాలి."

పెయింటరు ఈల వేశాడు. "వదినమ్మకు పట్టాభిషేకం!"

"మరి నేను నడపాలిగా?"

"అబ్బాయి నడుపుతాడు. మీరు వెనక కూర్చోండి. మీరు కట్టిన బండి, మీరు కూర్చుని చూడకపోతే ఎలా? గుడ్లాయన వాళ్ళమ్మకు పట్టిన నిద్ర మీకూ పడుతుందేమో."

ఆవిడ గొంతు పెంచలేదు. ముందుకే చూస్తూ చెప్పింది. మేస్త్రి నవ్వాలో కోప్పడాలో తేల్చుకోలేక, నలుగురిలో కాదనలేక, "సరే పదండి, రాజుగారిలా వెనక సీట్లో కాళ్ళు చాపుకుని కూర్చుంటా," అంటూ ఎక్కాడు. నేల మీద పట్టా లేదని గమనించాడో లేదో. తలుపు పడింది. గడియ ఖణేల్మని బిగుసుకుంది.

కోడలు చంటిదాన్ని చంకనేసుకుని డ్రైవరు కిటికీ దగ్గరికి వెళ్ళింది. "ఎక్కువ దూరం వద్దండీ. మధ్యలో ఆపి ఆయన్ని పిలిచి చూడండి," అంది భర్తతో మెల్లిగా. అతను తలూపాడు. మొదటిసారి అతని మొహంలో తన మొహం చూసినట్టనిపించింది ఆమెకు.

వాళ్ళు వెళ్ళాక ఆమెకు కాలు నిలవలేదు. ఇప్పుడు ఇంకో భయం. చంటిది చేతుల్లోనే ఉంది, నవ్వుతోంది, జడ లాగుతోంది. భయం మాత్రం వెళ్ళి ఆ ముసలాయన పక్కన కూర్చుంది. బెంగమ్మా అని వెక్కిరించే మనిషే కదా అని సర్దిచెప్పుకోబోయింది. కుదరలేదు. రోడ్డు మలుపు దాకా వెళ్ళి, తిరిగొచ్చి, మళ్ళీ వెళ్ళింది.

బండి వచ్చింది. ముందునుంచి అత్తగారు దిగింది. గాలికి జుట్టంతా రేగిపోయి, చిన్నపిల్లలా ఉంది మనిషి. అయితే మొహంలో నవ్వు లేదు. "పిలిస్తే మొదట్లో పలికాడు. తర్వాత ఊఁ అన్నాడు. ఇందాక ఏమీ అనలేదు. అందుకే తిప్పేశాం," అంది.

భర్త వెనక తలుపు లాగాడు. మేస్త్రి తల అద్దానికి ఆనించి, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి.

"నాన్నా," అన్నాడు కొడుకు. ఇంకోసారి అన్నాడు, ఈసారి భుజం పట్టి కుదుపుతూ.

కోడలు చంటిదాన్ని అత్తగారి చేతుల్లో పెట్టి బండిలోకి ఎక్కింది. మావగారిని ముట్టుకోవచ్చా అని ఆగి ఆలోచించలేదు. ముక్కు కింద వేలు పెట్టింది.

వెచ్చగా తగిలింది.

"పట్టండి, కిందకు దించండి," అంది. ముగ్గురూ మోసుకొచ్చి బయట గాలికి బల్ల మీద కూర్చోబెట్టారు. పెయింటరు తన టీగ్లాసులో నీళ్ళు తెచ్చి మొహాన చల్లాడు. మేస్త్రి కళ్ళు తెరిచి చుట్టూ చూశాడు.

"ఇంకా బయల్దేరలేదా?"

పెయింటరు నీళ్ళు మిగిలిన గ్లాసు ఆయన చేతిలో పెట్టాడు.

"వెళ్ళొచ్చేశాం నాన్నా."

"వెళ్ళొచ్చామా?" ఆయన తల పట్టుకున్నాడు. నోట్లో మాట తడబడుతోంది. అయినా అలవాటు కొద్దీ నాలుక తన దారిన తను వెళ్ళింది. "చూశారా మరి! ఎక్కగానే పట్టేసింది. ఏం బండి! గుడ్లాయన వాళ్ళమ్మకు కూడా ఇలాగే..."

అక్కడ ఆగిపోయాడు. నోరు తెరిచే ఉంది. ఆ మాట ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు చెప్పి ఉంటాడో, మొదటిసారి తనే విన్నాడు. చేతిలోని నీళ్ళగ్లాసు ఒకపక్కకు ఒరిగి, నీళ్ళు పంచె మీద పడుతున్నా చూసుకోలేదు.

గ్లాసు కింద పెట్టి, "అమ్మాయ్, ఆ పట్టా ఏది?" అన్నాడు. బెంగమ్మా అనలేదు.

ఆమె తెచ్చి ఒళ్ళో పెట్టింది. ఆయన దుప్పటి మీది గుండ్రాలను ఒక్కొక్కటే బొటనవేలితో తడిమాడు.

"ఈ చిల్లులు మూయమని నువ్వు అడిగావు కదూ?"

"తేళ్ళొస్తాయని అడిగాను మావయ్యా. దీనికని కాదు. ఇది నాకూ తెలియదు."

"ఏదైతేనేం. అడిగావు." లేవబోయి, కాళ్ళు తేలిపోతే మళ్ళీ కూర్చున్నాడు. కొడుకును బండి కిందకు దూరి చూడమన్నాడు. కొడుకు టార్చి వేసుకుని వెల్లకిలా దూరాడు. పొగగొట్టం మూతి నేల కిందే, వెనక సీటుకు సరిగ్గా కిందే ఆగిపోయి ఉంది. తొట్టి ఉన్న రోజుల్లో అది తోక దాకా వచ్చేది. పొగ అంతా గాల్లో కలిసిపోయేది.

"మూరెడు పెంచాంగా నాన్నా," అన్నాడు కింద నుంచే.

"బండి పెరిగింది," అన్నాడు మేస్త్రి తనలో తను. "గొట్టం పెరగలేదు. చిల్లులు తెరిచే ఉన్నాయి. పైన మాత్రం చీమ దూరకుండా బిగించా."

ఆదివారం కొండ దాటలేదు. కూతురికి ఫోను చేసి, అమ్మకు నలతగా ఉందని చెప్పారు. "నాకు కాదు, మీ నాన్నకు," అని అత్తగారు ఫోను లాక్కుని సరిచేసింది.

ఆ రోజు తెల్లారుతూనే మేస్త్రి చొక్కా వేసుకుని వసారాలోకి వచ్చాడు. "నువ్వు కూడా రా అమ్మాయ్. గుడ్లాయన దగ్గరికి వెళ్ళాలి. నాకు చెప్పడం చేతకాదు." ఆమె చంటిదాన్ని అత్తగారికి అప్పగించి, చెప్పులు వేసుకుంది. కొట్లు ఇంకా తెరవలేదు. గుడ్ల కొట్టు ఉండాల్సిన చోట ఫ్యాన్సీ సామాను బోర్డు ఉంది. మేస్త్రి ఆ బోర్డు కింద నిలబడి, రెండు పక్కలా చూసి, మళ్ళీ బోర్డు చూశాడు.

పక్కింటామె ముగ్గు నీళ్ళు చల్లుతోంది. "వాళ్ళా? ఊరు మారిపోయి చాన్నాళ్ళయింది. ఏ ఊరో చెప్పారు గానీ గుర్తులేదు."

"ఆయన తల్లి?" అంది కోడలు.

"ఆవిడనీ తీసుకెళ్ళారు. సామాను లారీలో వేసి, ఆవిణ్ణి వాళ్ళ బండిలో వెనక సీట్లో పడుకోబెట్టారు. ఎక్కీ ఎక్కకముందే నిద్రపోయింది పాపం. నేను చెయ్యి ఊపితే కూడా చూళ్ళేదు."

మేస్త్రి గోడకు చెయ్యి ఆనించాడు. కోడలు ఆయన దగ్గరున్న పాత నంబరుకు ఫోను చేసింది. ఆ నంబరు ఇప్పుడు వాడుకలో లేదని ఏదో ఆడగొంతు చాలా మర్యాదగా చెప్పింది.

వాళ్ళు తిరిగొచ్చాక ఆయన రేకు బిళ్ళలు కోశాడు. చిల్లులన్నిటినీ కొడుకు వెల్డింగుతో మూశాడు. పొగగొట్టానికి ముక్క అతికి, తోక దాటించి, పక్కకు తిప్పాడు. పాత తొట్టి తలుపు చుట్టూ కూడా రబ్బరు పెట్టారు. వెనక అద్దాలు ఊడదీసి, జరిగేవి బిగించారు. అయ్యాక ఇంజను వేసి, తలుపులు మూసి, ఆయన ముందు తను ఎక్కి కూర్చున్నాడు, దిగాడు, ఆమెను పిలిచాడు. "నువ్వు కూడా వాసన చూడు. నువ్వు సరే అంటేనే చంటిది ఎక్కుతుంది." ఆమె సరే అనడానికి చాలాసేపు పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు. పెయింటరు కూడా.

షెడ్డుకు ఏ కొత్త బండి వచ్చినా మేస్త్రి ఇప్పుడు గుడ్లాయన కథ చెప్పడు. వచ్చినవాణ్ణి ఒక్కటే అడుగుతాడు, ఏ ఊరి నుంచి వచ్చావు, దారిలో ఆకుపచ్చ బండి ఏదైనా కనపడిందా అని. రాత్రుళ్ళు ఆమె చంటిదాని ముక్కు కింద వేలు పెట్టినప్పుడు, వేలికి వెచ్చదనం తగిలాక కూడా, ఇంకెవరిదో ఊపిరి కోసం కాసేపు అలాగే ఉండిపోతుంది.

అందుకే ఇది చదివినవాళ్ళకు ఒక మాట. ఆకుపచ్చ బండి, పైకప్పు తెలుపు. చూడటానికి కారులా ఉంటుంది గానీ వెనక తలుపు కింద సగం పాత పికప్పుదే. ఆ తలుపు కుడి మూల చిన్న పిచ్చుక బొమ్మ ఉంటుంది. రంగు పోయి ఉండొచ్చు, దగ్గరికెళ్ళి చూడండి. మీ వీధిలోనో, బంకు దగ్గరో, రోడ్డు పక్క చెట్టు నీడనో ఆగి ఉంటే, వెనక సీట్లోకి తొంగి చూడండి. ఒక పెద్దావిడ పడుకుని ఉంటుంది. హాయిగా నిద్రపోతోందిలే పాపం అని వెళ్ళిపోకండి. అద్దం మీద తట్టండి. అమ్మా అని పిలవండి. ఆవిడ విసుక్కుంటే విసుక్కోనివ్వండి. కళ్ళు తెరిచేదాకా తడుతూనే ఉండండి.